టెక్ సందేహాలు: నాన్న ఫోన్లో ఒక టైం, నా ఫోన్లో ఇంకో టైం

ప్రశ్న (కడప నుంచి): అన్నా, నాన్నకి నాకు ఒకటే నమాజ్ యాప్. అసర్ (మధ్యాహ్నం తర్వాతి నమాజ్) అజాన్ నాన్న ఫోన్లో ముందు మోగుతుంది, నా ఫోన్లో గంట తర్వాత. ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) కూడా పది పదిహేను నిమిషాలు తేడా. ఇక కిబ్లా (నమాజ్‌కి తిరగాల్సిన కాబా దిక్కు) కంపాస్ అయితే పూటకో దిక్కు చూపిస్తోంది. యాప్ మార్చేయాలా?

జవాబు: యాప్ జోలికి పోకు తమ్ముడూ, సెట్టింగ్స్‌లోకి పో. ఈ యాప్‌లన్నీ చేసేది సూర్యుడి లెక్కే. మిట్టమధ్యాహ్నం ఉండే నీడని పక్కన పెట్టి, ఒక వస్తువు నీడ దాని ఎత్తుకి సమానమైతే అసర్ వచ్చినట్టని షాఫయీ వాళ్ళ లెక్క, రెండింతలు కావాలని హనఫీ వాళ్ళది (రెండూ ఇస్లాంలోని న్యాయ సంప్రదాయాలే). మన దగ్గర ఈ రెంటికీ మధ్య చలికాలంలో ముప్పావుగంట, ఎండాకాలంలో గంట పైనే తేడా వస్తుంది. అంటే నాన్న ఫోన్లో షాఫయీ, నీ ఫోన్లో హనఫీ ఉన్నట్టుంది. మన వైపు ఎక్కువ మంది హనఫీలే, కానీ నాన్న కావాలనే అలా పెట్టుకున్నారేమో, అడక్కుండా మార్చకు.

ఫజర్ సంగతి వేరే. సూర్యుడు హొరైజన్‌కి ఎన్ని డిగ్రీలు కింద ఉన్నప్పుడు తెల్లవారుజాము మొదలైనట్టు అనేదే అక్కడ పాయింట్. కరాచీ యూనివర్సిటీ ఆఫ్ ఇస్లామిక్ సైన్సెస్ పద్ధతిలో 18, అమెరికా వాళ్ళ ఇస్నా (ఇస్లామిక్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికా) పద్ధతిలో 15. డిగ్రీకి నాలుగు నిమిషాల పైనే పడుతుంది కాబట్టి మూడు డిగ్రీలకి నువ్వు చెప్పిన తేడా వచ్చేస్తుంది. ఇద్దరి ఫోన్లలో కాలిక్యులేషన్ మెథడ్ ఏముందో చూసి, మీ మసీదు గోడ మీదున్న టైం టేబుల్‌కి ఏది కలిస్తే అది పెట్టుకోండి. జమాత్ (మసీదులో అందరూ కలిసి చేసే నమాజ్) టైం మాత్రం ఏ యాప్ లెక్కకట్టలేదు, అది మసీదు వాళ్ళు పెట్టుకునేది.

ఇక కంపాస్. ఫోన్ కవర్‌కి అయస్కాంతం బటన్ ఉందా? ఉంటే ముందు అది పీకెయ్, సగం కంప్లైంట్లు అక్కడే తీరిపోతాయి. తర్వాత ఫోన్‌ని గాల్లో 8 అంకెలా నాలుగైదు సార్లు తిప్పు, బండి దగ్గర, ఇనప బీరువా పక్కన చూడకు. కడప నుంచి కిబ్లా దాదాపు 286 డిగ్రీలు, అంటే నేరుగా పడమర కాదు, కాస్త ఉత్తరానికి. హైదరాబాద్ నుంచైతే 283. ఫోన్ మీద నమ్మకం లేకపోతే మే 27, 28 తేదీల్లో మధ్యాహ్నం 2:48కి ఎండలో నిలబడు, అప్పుడు సూర్యుడు సరిగ్గా మక్కాలోని కాబా నెత్తిమీద ఉంటాడు, నీకు సూర్యుడు కనపడే వైపే కిబ్లా. జులై 15, 16ల్లో 2:57కి ఇంకో ఛాన్స్ ఉంది గానీ అప్పుడు మబ్బు పడితే అంతే సంగతులు.

అన్నట్టు, యాప్ లొకేషన్ అడిగితే ఎప్పుడూ ఆన్‌లో ఉంచక్కర్లేదు, ఊరి పేరు చేత్తో కొట్టి పర్మిషన్ తీసెయ్. కడప ఎక్కడికీ కదలదు కదా.