1943 డ్యామ్ దాడిలో బాంబును నీటిమీద ఎందుకు గంతులు వేయించారు?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బద్దలుకొట్టాలనుకున్న జర్మనీ డ్యామ్‌ల ముందు టార్పెడోలను (నీటిలో దూసుకెళ్లే బాంబులను) ఆపే వలలు ఉండేవి కాబట్టి, వాటిని దాటి బాంబును గోడకు ఆనించడానికే బ్రిటన్ ఇంజనీరు బార్న్స్ వాలిస్ దాన్ని నీటిమీద గంతులు వేసేలా తయారుచేశాడు. చెరువులో పెంకు కప్పగంతులు వేసినట్టే. సుమారు 4,200 కిలోల పీపాలాంటి ఆ బాంబును వదిలే ముందు నిమిషానికి 500 సార్లు వెనక్కి తిప్పేవారు. ఆ తిరుగుడు వల్ల అది గంతులు వేసేది, గోడను తాకాక దాన్ని అంటుకునే కిందికి దిగేది. దాదాపు 9 మీటర్ల లోతులో నీటి ఒత్తిడికి పేలేది.

చాలామంది గోడను గుద్దుకున్న దెబ్బకే డ్యామ్ బద్దలైందనుకుంటారు. కాదు. చుట్టూ ఉన్న నీరు పేలుడు బలాన్ని గోడవైపు నెట్టడమే అసలు కిటుకు.

ఆ దాడిలో బద్దలైన జర్మనీ మోనే డ్యామ్‌నే చూడండి. మే 16 రాత్రి, కాల్పుల మధ్య, బ్రిటన్ లాంకాస్టర్ బాంబర్ విమానాలు కేవలం 18 మీటర్ల ఎత్తులో వచ్చాయి. ఆ ఎత్తు తెలియడానికి విమానం కింద రెండు లైట్లు పెట్టి, వాటి వెలుగులు నీటిమీద కలిసేలా అమర్చారు. శత్రువుకు కనబడతామని తెలిసీ వాటిని వెలిగించారు, ఎంత గుండె ధైర్యమో! ఒక బాంబు గోడ మీదుగా దూకి అవతల పడింది. గోడ తెగింది ఐదో బాంబుకు.