మొదటి ఉద్యోగం పోయిన రోజు ఎవరికి ఫోన్ చేయాలి?

మీరు వారానికి రెండు రోజులు చదువు చెబుతున్న పిల్లల హోమ్‌లో ముగ్గురికి ఇంకో తొమ్మిది నెలల్లో 18 ఏళ్లు నిండుతాయని రాశారు. ఆ తర్వాత వాళ్లు బయటికి వెళ్లిపోవాలి. ఈలోగా ఏ కోర్సు నేర్పిస్తే వెంటనే ఉద్యోగం వస్తుంది, వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడతారు అని అడిగారు. ముగ్గురిలో ఒకబ్బాయి అసలు నోరు విప్పడని, అతని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉందని కూడా అన్నారు.

నేను ఇలాంటి హోమ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. చివరి ఏడేళ్లూ నా పని ఇదే. బయటికి వెళ్లే పిల్లలకు ఉద్యోగం చూడటం, గది చూడటం, వెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కోవడం. అందుకే కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టమంటున్నాను. మొదటి ఉద్యోగం చాలామందికి నిలవదు. అది పోతుందని ముందే అనుకోండి. పోయాక రెండో ఉద్యోగం దొరికేదాకా ఆ పిల్లలు ఎక్కడ ఉంటారు, ఏం తింటారు, ఎవరితో మాట్లాడతారు అన్నదానికి ఇప్పటి నుంచే ఏర్పాటు చేయండి.

నేను మొదట్లో ఇలా ఆలోచించలేదు. నా చేతుల మీదుగా వెళ్లిన మొదటి బ్యాచ్‌లో నలుగురు. నలుగురికీ హోమ్ దాటకముందే ఉద్యోగాలు చూశాం. అందరం చాలా సంతోషించాం. ఆరు నెలలు తిరగకుండా ముగ్గురు ఉద్యోగం మానేశారు. ఒకబ్బాయి ఎక్కడున్నాడో కూడా చాలాకాలం తెలియలేదు.

వాళ్లలో ఒకడి సంగతి చెప్తాను. పనిమంతుడు. చేరిన రెండో నెలలో జ్వరం వచ్చింది. మూడు రోజులు గదిలోనే పడుకున్నాడు. నాలుగో రోజు వెళితే, చెప్పకుండా మానేశావని తీసేశారు. "ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది కదరా" అన్నాను. "చెప్పాలని నాకు తెలియదక్కా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. పదమూడేళ్లు హోమ్‌లో పెరిగాడు. అక్కడ జ్వరం వస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు. పొద్దున లైన్లో ఒకడు తక్కువైతే వార్డెనే వచ్చి చూస్తాడు. మేం వాడికి మిషన్ నడపడం నేర్పించాం గానీ, సెలవు అడగడం నేర్పించలేదు.

ఆ రోజు నుంచి మా హోమ్‌లో పిల్లల దినచర్యను వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను. గంట కొడితే లేస్తారు. వేళకి కంచంలోకి అన్నం వస్తుంది. రాత్రి ఎవరో లైట్లు ఆర్పేస్తారు. సబ్బు అయిపోతే ఇంకోటి ఇస్తారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, అరవైమంది పిల్లల్ని చూసుకోవాలంటే అలాగే నడవాలి. కానీ 18 ఏళ్ల వయసు వచ్చేసరికి ఆ పిల్లలు సొంతంగా ఒక్క నిర్ణయమూ తీసుకుని ఉండరు. ఒకమ్మాయికి గది తాళంచెవి ఇస్తే దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. అప్పటిదాకా తనదంటూ ఒక తాళం లేదు.

అందుకని మేం చేసిన మొదటి మార్పు హోమ్ ఆవరణలోనే ఒక గదిని, చిన్న వంటింటిని వేరు చేయడం. బయటికి వెళ్లబోయే పిల్లలు చివరి ఆరు నెలలు అక్కడే ఉంటారు. గంట ఉండదు. వారానికి ఇంత అని డబ్బు చేతికిస్తాం, సరుకులు వాళ్లే కొనుక్కోవాలి, వాళ్లే వండుకోవాలి. మొదటి వారం నాలుగు రోజులకే డబ్బు అయిపోయింది. అప్పుడు ఇంకొంచెం ఇచ్చేయాలని మనసు లాగుతుంది. మేం ఇవ్వలేదు. మిగిలిన మూడు రోజులూ హోమ్ వంటింట్లో తిన్నారు, తర్వాతి వారం లెక్క రాసుకున్నారు. ఈ తప్పులన్నీ మన కళ్లముందు జరిగిపోవాలి. బయట జరిగితే నాలుగు రోజులకి డబ్బయిపోయినవాడు ఎవరి దగ్గర అప్పు చేస్తాడో మనకి తెలియదు.

మీ హోమ్‌లో గది వేరు చేయడం కుదరకపోవచ్చు. అప్పుడు ఆ ముగ్గురికీ నెలకోసారైనా బ్యాంకు పని, ఆస్పత్రి పని, టికెట్ కొనడం లాంటివి అప్పగించండి. మీరు వెంట వెళ్లినా నోరు మెదపకండి. కౌంటర్ దగ్గర వాళ్లే మాట్లాడాలి.

డబ్బు విషయంలో ఇంకో మాట. ఉద్యోగంలో చేరిన రోజుకీ మొదటి జీతం చేతికొచ్చే రోజుకీ మధ్య నెల దాటిపోతుంది, ఒక్కోసారి నలభై రోజులు. ఈ నలభై రోజుల గురించి ఎవరూ ఆలోచించరు. గదికి అడ్వాన్సు కట్టాలి, రోజూ పనికి వెళ్లి రావడానికి ఖర్చు, తిండి, ఒక జత చెప్పులు. ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ ఖర్చు అమ్మానాన్నలు పెడతారు, అది లెక్కలోకి కూడా రాదు. దాతలు మిమ్మల్ని ఏం కావాలని అడిగితే ఈ డబ్బు అడగండి. మిఠాయిలూ కొత్త బట్టలూ ఇవ్వడానికి చాలామంది ముందుకొస్తారు, ఈ నలభై రోజుల ఖర్చు ఇచ్చేవాళ్లను మాత్రం మనమే వెతుక్కోవాలి.

జీతం వచ్చాక వేరే ఇబ్బంది. అంతవరకు కనిపించని చుట్టాలు అప్పుడు కనిపిస్తారు. పిల్లలు కాదనలేరు, ఎందుకంటే 'మా వాళ్లు' అనే మాట కోసం వాళ్లు ఎన్నేళ్లుగా ఎదురుచూశారో వాళ్లకే తెలుసు. ఒకమ్మాయి వరసగా మూడు నెలల జీతం ఇచ్చేసింది. ఇలాంటప్పుడు తిట్టకండి. ఇవ్వాలనుకుంటే ఎంత ఇవ్వాలో జీతం రాకముందే తనే నిర్ణయించుకుని రాసిపెట్టుకోమనండి. ఆ అమ్మాయి విషయంలో అదే పనిచేసింది.

కాగితాల పని గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసే ఉంటుంది. పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు, చదువు సర్టిఫికెట్లు అన్నీ వాళ్ల పేరు మీద, ఒకే స్పెల్లింగ్‌తో, వాళ్ల చేతిలో ఉండాలి. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన బ్యాంకు ఖాతాలో సంరక్షకుడిగా హోమ్ అధికారి పేరుంటే, ఆయన బదిలీ మీద వెళ్లకముందే మార్పించండి. మాకు ఒక ఖాతా ఏడాది పాటు ఇరుక్కుపోయింది.

ఇక మీరు అడిగిన కోర్సు. ముందు ఆ ముగ్గురినీ మూడు రకాల పనిచోట్లకు తీసుకెళ్లి, ఒక్కో చోట వారం రోజులు ఉండనివ్వండి. చాలా హోముల్లో నేను చూసిందేమిటంటే, ఎవరో దాత కుట్టుమిషన్లు ఇచ్చారు కాబట్టి ఆడపిల్లలందరికీ కుట్టు, కంప్యూటర్లు ఇచ్చారు కాబట్టి మగపిల్లలందరికీ టైపింగ్. పిల్లలు కూడా సరేనంటారు. సరేననడం వాళ్లకు బాగా అలవాటు. ఆ 'సరే'ని ఇష్టం అనుకోవద్దు. వారం తర్వాత "అక్కడ నీకు ఏం నచ్చలేదు?" అని అడిగితే అసలు మాట బయటికొస్తుంది.

యజమానులతో మాట్లాడేటప్పుడు జాలి రగిలించకండి. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. "పాపం, ఎవరూ లేని పిల్లాడండి" అని చెప్పి ఒకచోట చేర్చాను. ఆ యజమాని మంచివాడే. పిల్లాడు ఆలస్యంగా వస్తే ఏమీ అనలేదు, పని తప్పు చేస్తే ఆయనే సరిదిద్దుకున్నాడు. నాలుగు నెలలు ఓపిక పట్టి, ఐదో నెలలో ఒక్కసారిగా పొమ్మన్నాడు. మొదటి రోజే గట్టిగా చెప్పి ఉంటే వాడు నేర్చుకునేవాడు. తర్వాత నుంచి నేను యజమానులను అడిగింది ఒక్కటే. తప్పు చేస్తే అందరికీ చెప్పినట్టే చెప్పండి, తీసేయాలనుకుంటే మాత్రం ముందు రోజు నాకు ఫోన్ చేయండి. ఆ ఒక్క ఫోన్ వల్ల నిలబడిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

హోమ్‌లో పెరిగారన్న సంగతి పనిచోట చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లల ఇష్టం. మీరు వాళ్లను అడగకుండా చెప్పకండి. కానీ "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని తోటివాళ్లు మొదటి రోజే అడుగుతారు. ఆ ప్రశ్న భరించలేక ఒకమ్మాయి రెండు ఉద్యోగాలు మారింది. తర్వాత తనూ నేనూ కూర్చుని ఒక జవాబు అనుకున్నాం. "నేను హాస్టల్లో పెరిగాను, ఇప్పుడు ఫ్రెండ్స్‌తో ఉంటున్నాను." అందులో అబద్ధం లేదు, అడిగినవాళ్లు ఇంకో ప్రశ్న వేయరు. పదిసార్లు పైకి చెప్పించాను. మూడో ఉద్యోగంలో నాలుగేళ్లుగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువగా మేం ఊహించనిది రాత్రి నిశ్శబ్దం. ముప్పైమంది ఊపిరి శబ్దం మధ్య పెరిగినవాళ్లు ఒంటరి గదిలో నిద్రపోలేరు. ఒకడు గదికి అద్దె కడుతూనే రోజూ పనిచేసేచోట బల్ల మీద పడుకునేవాడు. ఎందుకని అడిగితే "అక్కడ వాచ్‌మన్ రేడియో వినిపిస్తుందక్కా" అన్నాడు. అప్పటి నుంచి ఎవరినీ ఒంటరిగా పంపలేదు. ఇద్దరు ముగ్గురికి ఒక గది, వీలైతే అంతకుముందు వెళ్లినవాళ్ల గదికి దగ్గరలో.

మీ హోమ్ యాజమాన్యాన్ని ఒక విషయం అడగండి. 18 నిండిన రోజే పంపాలన్న నియమం ఎంతవరకు తప్పనిసరి? చాలా దేశాల చట్టాల్లో ఇంకొన్నాళ్లు ఉంచుకునే వీలుంది. అమెరికాలో 2008 నాటి చట్టం, 21 ఏళ్ల దాకా ఉంచుకునే రాష్ట్రాలకు కేంద్రం నిధులిచ్చేలా చేసింది. ఇంగ్లండ్‌లో పెంపుడు కుటుంబాల్లో ఉన్న పిల్లలు, తమకూ ఆ కుటుంబానికీ ఇష్టమైతే, 21 దాకా అదే ఇంట్లో ఉండేలా 2014లో చట్టం వచ్చింది. అమెరికాలోని ఇలినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో ఇలాంటి యువతను 700 మందికి పైగా ఎంచుకుని, వాళ్లను 17 ఏళ్ల నుంచి 26 ఏళ్ల దాకా మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడిన పరిశోధన ఒకటుంది. 21 దాకా ఉండనిచ్చిన ఇలినాయ్‌లో కాలేజీ మెట్లెక్కినవాళ్లు మిగతా రెండు చోట్లకంటే ఎక్కువ. మన ఇళ్లల్లో ఏ పిల్లాడినీ పుట్టినరోజు నాడు సంచీ సర్దుకోమనం కదా. పైగా చాలామంది హోమ్ పిల్లల పుట్టినతేదీ ఎవరో అంచనాగా రాసింది. ఆ అంచనా తేదీకి వాళ్ల బతుకు మారిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది.

సొంత తల్లిదండ్రుల దగ్గర కాకుండా వేరేచోట పెరిగే పిల్లల కోసం ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల్లో కూడా, బయటికి వెళ్లడానికి తయారీ చాలా ముందుగా మొదలవ్వాలని, ఆ ప్లాన్‌లో పిల్లల మాట ఉండాలని, వీలైనప్పుడల్లా ఒక్కొక్కరికీ ఒక ప్రత్యేకమైన మనిషిని కేటాయించాలని రాసి ఉంది. నా అనుభవంలో ఆ చివరిదే ముఖ్యం. సంరక్షణ నుంచి బయటికొచ్చిన యువత మీద ఏళ్ల తరబడి పనిచేసిన మైక్ స్టైన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు వాళ్లను స్థూలంగా మూడు గుంపులుగా చూశాడు. సాఫీగా ముందుకు వెళ్లేవాళ్లు, కిందామీదా పడుతూ నెట్టుకొచ్చేవాళ్లు, బాగా దెబ్బతిన్నవాళ్లు. ఆ మధ్య గుంపు ఎటు వెళ్తుందన్నది, బయటికి వచ్చాక దొరికిన తోడు మీద చాలావరకు ఆధారపడుతుందని ఆయన చెప్పాడు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది ఆ మధ్యవాళ్లే.

కాబట్టి ముగ్గురికీ ముగ్గురు మనుషుల్ని వెతకండి. హోమ్ సిబ్బంది కాకుండా ఉంటే మంచిది, వాళ్లు మారిపోతుంటారు. కనీసం మూడేళ్లు ఫోన్ నంబరు మార్చని మనిషి, వారానికోసారి తనే ఫోన్ చేసే మనిషి కావాలి. పిల్లలు చేస్తారులే అని ఊరుకోకూడదు. ఉద్యోగం పోయినప్పుడు సిగ్గుతో వాళ్లు చేయరు. "ఉద్యోగం పోతే నాకు కోపం రాదు, చెప్పకపోతే బాధేస్తుంది" అని మొదటి రోజే చెప్పాలి. మీరు ఒక్కరే ముగ్గురికీ ఆ మనిషి కావాలని మాత్రం అనుకోకండి. నేను ఒకేసారి తొమ్మిదిమందికి అలా ఉండబోయి ఎవరికీ సరిగ్గా ఉండలేకపోయాను.

చివరిగా ఆ మాట్లాడని అబ్బాయి. నా దగ్గరా ఒకడుండేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నేల చూపులు చూసేవాడు. ఒకరోజు హోమ్ పంపు పాడైతే ఇద్దరం కలిసి విప్పుతుండగా, నట్టు తిప్పుతూ తిప్పుతూ, "అక్కా, నేను వెళ్లాక నా మంచం ఎవరికిస్తారు?" అని అడిగాడు. మీ అబ్బాయిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. ఏదైనా పనిలో పక్కన నిలబడండి, ఇద్దరి చూపూ పని మీదే ఉండాలి. నెలలు పట్టినా పట్టనివ్వండి, మీకింకా తొమ్మిది నెలలున్నాయి. నేను ఆ మంచం ఆరు నెలలు ఖాళీగా ఉంచుతానని మాటిచ్చాను. అతను రెండుసార్లు వచ్చి దాని మీద పడుకుని వెళ్లాడు, మూడోసారి ఫోన్ చేసి ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాడు.