పెళ్లి క్యాసెట్లను డిస్కుకు మార్చడానికి డీవీడీ–వీసీఆర్ కాంబో రికార్డర్ ఇప్పుడు కొనవచ్చా?

క్యాసెట్‌ను ఆడిస్తూ డీవీడీ డిస్కులోకి రికార్డు చేసే ఈ యంత్రం మంచి స్థితిలో దొరికితే కొనవచ్చు. అయితే చివరి వరకు వీసీఆర్లు (వీడియో క్యాసెట్ యంత్రాలు) తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆ పని ఆపేసింది కనుక, వాడిన యంత్రంతోనే సరిపెట్టుకోవాలి. చాలా కాంబోలు డిస్కును ఆడిస్తాయే తప్ప రికార్డు చేయవు కాబట్టి ఆ సంగతి ముందుగా తేల్చుకోండి. అమెరికాలోని బంధువులు పంపే యంత్రం సాధారణంగా ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ సిగ్నల్) పద్ధతిది, మన పెళ్లి క్యాసెట్లేమో పాల్ (ఇక్కడి టీవీ సిగ్నల్) పద్ధతివి కాబట్టి అందులో అవి సాధారణంగా సరిగా ఆడవు.

క్యాసెట్ పెట్టేముందు దాని పారదర్శకపు కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచుల వెంట తెల్లటి బూజు కనిపిస్తే శుభ్రం చేయించేదాకా యంత్రంలో పెట్టకూడదు, ఎందుకంటే అది హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు రికార్డు చేయడానికి మూడు గంటలూ పడుతుంది, అయితే 4.7 జీబీ డిస్కులో ఎస్‌పీ (మామూలు) నాణ్యతతో రెండు గంటల వీడియోనే ఇముడుతుంది. చివర ఫైనలైజ్ (డిస్కును ఇతర ప్లేయర్లు చదివేలా ముగించడం) చేయకపోతే ఆ డిస్కు వేరే ప్లేయర్లలో సాధారణంగా ఆడదు.