కాగితం మీద పొంగని సంపే నేల మీదా పొంగదు

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ నాలుగడుగుల ఉప్పునీటి చేపల ట్యాంకు కింద సంపు, అంటే నీళ్లు దిగి శుభ్రమై పంపుతో మళ్లీ పైకెక్కే గాజు తొట్టి, నువ్వే కట్టుకుంటానన్నావు, మంచిదే. గాజు కొట్టుకి వెళ్లేముందు మాత్రం లెక్క వేసుకో. తేలాల్సిన ప్రశ్నలు రెండు: కరెంటు పోతే కింద పొంగుతుందా, నీళ్లు దిగే డ్రెయిన్ పైపు మూసుకుపోతే పైన పొంగుతుందా?

నీ ట్యాంకు 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు. పైన ఒక్కో సెంటీమీటరు మట్టానికి 5.4 లీటర్లు. పంపు ఆగగానే ఓవర్‌ఫ్లో అంచుకి (నీళ్లు పొర్లి డ్రెయిన్‌లోకి దిగే చోటుకి) పైనున్న నీళ్లూ పైపుల్లోవీ కిందికి దిగుతాయి, మొత్తం ఇరవై లీటర్లనుకో. సంపు లోపలి కొలతలు 75 పొడవు, 35 వెడల్పు, 38 ఎత్తు పెట్టు. నిండా పోస్తే వంద లీటర్లు పడుతుంది, నడిచేటప్పుడు 55 ఉంటాయి కాబట్టి ఇరవై వచ్చినా భయం లేదు. అయితే రిటర్న్ పైపు (సంపు నీళ్లని పైకి ఎక్కించేది) మూతిని పై ట్యాంకులో పది సెంటీమీటర్ల లోతున ముంచావంటే, ఆ పైపే సైఫన్‌లా వెనక్కి లాగి 54 లీటర్లు దించేస్తుంది, ఇల్లంతా ఉప్పునీరే. మూతిని నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల లోపలే ఉంచు. మట్టానికి కాస్త కిందగా పైపుకి 5 మి.మీ. రంధ్రం కూడా వెయ్యి. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. నాచు పట్టి మూసుకుపోతుంది కాబట్టి నెలకోసారి పుల్లతో పొడువు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్‌ని నమ్ముకోకు. చిన్న నత్త అడ్డుపడినా అది మూసుకోదు.

లోపల గదులు ఇలా: నీళ్లు పడే చోటు, స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) కలిపి 47 సెం.మీ., తర్వాత బుడగలు ఆపే మూడు అడ్డపలకలు, చివర రిటర్న్ పంపుకి 20. మొదటి పలక అడుగు నుంచి 23 సెం.మీ. ఎత్తు, స్కిమ్మర్ గదిలో మట్టాన్ని అదే కదలకుండా ఉంచుతుంది. స్కిమ్మర్‌కి ఎంత లోతు కావాలో దాని కాగితంలో చూసి, తక్కువ కావాలంటే కింద గాజు ముక్కలు పెట్టి లేపు. రెండో పలకని అడుగుకి రెండున్నర సెంటీమీటర్లు పైకి అంటించు, పై అంచు నీళ్లలోంచి తేలి ఉండాలి. మూడోది మళ్లీ అడుగు నుంచి, 20 ఎత్తు. పలకల మధ్య మూడేసి సెంటీమీటర్లు వదులు. సందు ఇరుకైతే నీళ్లు వేగంగా పోయి బుడగల్ని కూడా లాక్కుపోతాయి.

చిక్కంతా రిటర్న్ గదిలోనే ఉంది. ఆవిరయ్యే నీళ్ల తగ్గుదల ఆ ఒక్క గదిలోనే కనిపిస్తుంది, అక్కడ సెంటీమీటరుకి 0.7 లీటరే. ఎండాకాలం రోజుకి మూడున్నర లీటర్లు పోతే మట్టం 5 సెం.మీ. పడుతుంది, రెండో రోజుకల్లా పంపు గాలి పీల్చవచ్చు. అలాగని గది పెంచితే పైన ప్రమాదం. డ్రెయిన్ మూసుకుపోయిన రోజున ఈ గది నీళ్లన్నీ పైకి వెళ్లిపోతాయి. 17 సెం.మీ. మట్టంలో ఉన్నవి 12 లీటర్లు, అంటే పైన 2.2 సెం.మీ. పెరుగుతుంది. కాబట్టి పై ట్యాంకులో కనీసం 3 సెం.మీ. ఖాళీ ఉంచి, గది చిన్నగానే ఉంచి, తగ్గిన నీళ్లని ఆటో టాప్-అప్‌తో (తగ్గినంతా తానే పోసే పరికరంతో) నింపు. పోసేది ఉప్పు కలపని ఆర్‌ఓ నీరే. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీరే పోస్తూ పోతే సాంద్రత 1.025 దాటి ఎక్కుతుంది.

గాజు 6 మి.మీ. చాలు, అడ్డపలకలు 5. పలకల వెడల్పు సంపు లోపలి కొలత కంటే 3 మి.మీ. తక్కువ కోయించు, అంచులు రుద్దించు. బాత్‌రూమ్‌లకని అమ్మే ఫంగస్ నిరోధక సిలికాన్ తేకు, అందులో మందు ఉంటుంది. అక్వేరియంకి పనికొస్తుందని రాసి ఉన్నదే కొను. అంటించే చోట అసిటోన్‌తో తుడువు, అంటించాక వారం ఆరనివ్వు.

డ్రెయిన్‌కి రెండు పైపులు వెయ్యి. ఒకటి గేట్ వాల్వ్‌తో నిండా పారేది, దాని చివర సంపు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లే మునగాలి, ఎక్కువైతే గాలి బయటికి పోక సైఫన్ పట్టదు. రెండోది అత్యవసరానికి, దానికి వాల్వ్ పెట్టకూడదు, చివర నీటికి పైనే ఉండాలి. అందులోంచి నీళ్లు పడే చప్పుడు వచ్చిందంటే మొదటిది మూసుకుపోతోందన్నమాట. బెండ్లు 45 డిగ్రీలవి వాడు. ఇత్తడి, రాగి ఫిట్టింగు ఒక్కటి కూడా వద్దు, రాగి రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది. గాజుకి రంధ్రం వేసేముందు అది టఫెండ్ (వేడితో గట్టిపరిచిన గాజు) కాదని కనుక్కో, టఫెండైతే ముక్కలైపోతుంది.

పంపు గంటకి 2000 లీటర్లది తీసుకో. మీటరున్నర ఎత్తు ఎక్కించేసరికి చాలావరకు తగ్గుతుంది, నీకు కావలసింది వెయ్యికి కాస్త పైన. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకెక్కాలి, తీగ వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా స్విచ్ వెయ్యకు, ఇందులో బేరం లేదు.

ముందు కుళాయి నీళ్లతో నడిపించు. పంపు ఆపి పావుగంట చూడు, సంపు మట్టం ఆగిన చోట గీత గియ్యి. తర్వాత మళ్లీ నడిపి, రెండు డ్రెయిన్లూ గుడ్డతో మూసి పైన చూడు. ఈ రెండూ నెగ్గాకే ఉప్పు కలుపు.

మీ మావయ్య