రిపీటర్ ట్రాన్స్‌మిటరులో మార్పులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హామ్ (అభిరుచి రేడియో) రిపీటర్ల గురించే. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. చేతిసెట్టు మాట నేల మీద నుంచి కొద్ది కిలోమీటర్లకు మించి పోదు కాబట్టి, కొండ మీదో ఎత్తయిన మేడ మీదో ఒక రిసీవరును, ఒక ట్రాన్స్‌మిటరును జత చేసి పెట్టి, ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని ఆ క్షణంలోనే మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే ఏర్పాటే రిపీటర్. మన దేశంలో రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే ఉంది. అందులో వినే ఫ్రీక్వెన్సీకీ పంపే ఫ్రీక్వెన్సీకీ మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. కింది చిక్కుల్లో సగం ఆ ఇరుకులో పుట్టినవే.

ప్రశ్న: మా క్లబ్బు వారు పాత సామాన్లలో దొరికిన ఒక కమర్షియల్ వీహెచ్‌ఎఫ్ సెట్టుకు క్రిస్టల్ మార్చి, ట్రాన్స్‌మిటరును 145.200 మెగాహెర్ట్జ్‌కు ట్యూన్ చేశారు. మాట శుభ్రంగా ఉంది. అవతలి వారి స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు స్పీకరును మూసి ఉంచే ఏర్పాటు) తెరుచుకోవడానికి 88.5 హెర్ట్జ్ టోన్‌ను మైకు ఇన్‌పుట్‌లో కలిపితే కొందరి సెట్లు తెరుచుకోవడం లేదు. టోన్ పెంచితే మాట బొంగురుపోతోంది. టోన్ బోర్డు పాడైందంటారా? (రాజమహేంద్రవరం)

జవాబు: టోన్ బోర్డు మీద అనుమానం అక్కర్లేదు. టోన్‌ను మీరు కలిపిన చోటే తప్పు.

ఈ తరం సెట్లలో చాలావాటిలో 12 మెగాహెర్ట్జ్ ప్రాంతపు క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని పన్నెండు రెట్లు చేసి 145 దగ్గరికి తెస్తారు. మీ సెట్టు ఆ రకందే అయితే మీ క్రిస్టల్ 12.100 మెగాహెర్ట్జ్‌ది అయి ఉండాలి. వీటిలో మాటను క్రిస్టల్ మీద కాక, దాని తరవాతి దశలో ఫేజ్ మాడ్యులేటర్ (తరంగాన్ని కాలంలో కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊపే భాగం) ద్వారా ఎక్కిస్తారు. ఫేజ్ మాడ్యులేషన్ స్వభావం ఏమిటంటే, శబ్దపు ఫ్రీక్వెన్సీ తగ్గుతున్న కొద్దీ అదే డీవియేషన్ (మాటకు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరిగే మేర) రాబట్టడానికి ఫేజ్‌ను మరింత ఎక్కువగా ఊపాల్సి వస్తుంది. లెక్క వేసి చూడండి. వెయ్యి హెర్ట్జ్ శబ్దానికి 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్ కావాలంటే ఏంటెనా దగ్గర ఫేజ్ ఊపు 3 రేడియన్లు. పన్నెండు రెట్ల గుణకం ఉంది కాబట్టి మాడ్యులేటర్ దగ్గర పావు రేడియన్, అంటే సుమారు 14 డిగ్రీలు చాలు. 88.5 హెర్ట్జ్ టోన్‌కు కేవలం 600 హెర్ట్జ్ డీవియేషన్ కోరినా ఏంటెనా దగ్గర 6.8 రేడియన్లు, మాడ్యులేటర్ దగ్గర 32 డిగ్రీలు కావాలి. ఐదో వంతు డీవియేషన్‌కు రెట్టింపుకు మించిన శ్రమ అన్నమాట. మామూలు ఒంటి దశ మాడ్యులేటర్ అంత దూరం తిన్నగా ఊగలేదు. అది వంకర పోయినప్పుడు దానితోపాటు ఊగుతున్న మాట కూడా వంకర పోతుంది. మీరు చెప్పిన బొంగురు అదే. దీనికి తోడు మైకు దారిలో 300 హెర్ట్జ్ కంటే దిగువ శబ్దాలను కోసేసే చిన్న కపాసిటర్లు, ఆ తరవాత లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే భాగం) ఉంటాయి. టోన్ అక్కడే సగం చచ్చిపోతుంది, మిగిలిన సగం లిమిటరులో మాటతో గొడవపడుతుంది.

అందువల్ల టోన్‌ను మైకు దారి నుంచి తీసేసి, నేరుగా క్రిస్టల్ ఆసిలేటర్ మీదే ఎక్కించండి. అక్కడ కావలసింది 600ను పన్నెండుతో భాగించగా వచ్చే 50 హెర్ట్జ్ జరుగుడు మాత్రమే, అంటే క్రిస్టల్ ఫ్రీక్వెన్సీలో పది లక్షలకు నాలుగు వంతులు. ఏ క్రిస్టలైనా అంత మాత్రం సులువుగా జరుగుతుంది. చాలా సెట్ల క్రిస్టల్ మాడ్యూల్‌లో ఉష్ణోగ్రతకు ఫ్రీక్వెన్సీ చెదరకుండా సరిదిద్దే వారాక్టర్ డయోడ్ (ఓల్టేజిని బట్టి కెపాసిటెన్స్ మారే డయోడ్) ముందే ఉంటుంది. దాని బయాస్ తీగ మీదికి ఒక కపాసిటర్, దాని వరసలో ఎక్కువ విలువ గల ఒక రెసిస్టర్ ద్వారా టోన్‌ను అందిస్తే సరిపోతుంది. కపాసిటర్ లేకుండా కలిపితే బయాస్ ఓల్టేజి జరిగి, ఎండాకాలంలో ఒక ఫ్రీక్వెన్సీ, చలికాలంలో మరొకటిగా తయారవుతుంది. మాడ్యూల్‌లో వారాక్టర్ లేకపోతే ఒకటి చేర్చుకోవాల్సిందే, ఆ తరవాత ఫ్రీక్వెన్సీని కౌంటరుతో మళ్లీ సరిచేసుకోవాల్సిందే. అక్కడ పది హెర్ట్జ్ తేడా ఏంటెనా దగ్గర 120 హెర్ట్జ్ అవుతుందని మరవకండి.

డీవియేషన్ కొలవడానికి సర్వీస్ మానిటర్ లేదని నిరుత్సాహపడనక్కర్లేదు. ట్రాన్స్‌మిటరుకు డమ్మీ లోడ్ (ఏంటెనా బదులు పవరును వేడిగా మింగే రెసిస్టర్) తగిలించి, పక్కన ఒక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రిసీవరు) పెట్టుకుని, స్క్రీన్ మీద క్యారియరు గీతను బాగా పెద్దది చేసి చూడండి. 1247 హెర్ట్జ్ సైన్ టోన్ ఇచ్చి స్థాయిని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోతే, ఒక చోట నడిమి గీత పూర్తిగా మాయమై పక్క గీతలే మిగులుతాయి. ఆ చోట డీవియేషన్ సరిగ్గా 3 కిలోహెర్ట్జ్. ఇదే పద్ధతి 88.5కూ పనికొస్తుంది: నడిమి గీత మొదటిసారి మాయమైనప్పుడు డీవియేషన్ 213 హెర్ట్జ్, రెండోసారి మాయమైనప్పుడు సుమారు 488. రెండోది దాటించి కొద్దిగా పైకి జరిపి ఆపండి. గీతల మధ్య ఎడం 88.5 హెర్ట్జ్ మాత్రమే కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో రిజల్యూషన్ ఇరవై హెర్ట్జ్ కంటే సన్నగా పెట్టుకోకపోతే ఏమీ కనబడదు.

ప్రశ్న: నాకు జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉంది. నా రెండు సెట్లనే కలిపి మా ఊరి కొండ మీద రిపీటర్‌గా పెట్టుకోవచ్చా? (వరంగల్ జిల్లా)

జవాబు: మీ వ్యక్తిగత లైసెన్సు చాలదు. రిపీటరుకు కేంద్ర ప్రభుత్వపు డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం నుంచి వేరుగా అనుమతి పొందాలి. స్థలం, ఫ్రీక్వెన్సీలు, పవర్ ఆ పత్రంలో ఎలా ఉంటే అలాగే నడపాలి కాబట్టి, ట్రాన్స్‌మిటరులో మార్పు చేసే ముందు ఆ కాగితం ఒకసారి చదువుకోండి. ఒంటరిగా కంటే క్లబ్బు పేరున అడగడమే నయమని మా అభిప్రాయం; కొండెక్కి ఫ్యూజు మార్చే మనుషులు కూడా దొరుకుతారు.

ప్రశ్న: మా రిపీటర్‌లో క్రిస్టల్ ఎక్సైటరును (సంకేతాన్ని పుట్టించే తొలి భాగాన్ని) తీసేసి సింథసైజర్ (కోరిన ఫ్రీక్వెన్సీని తయారుచేసే) బోర్డు పెట్టాం. పవర్ అదే 50 వాట్లు, ఎస్‌డబ్ల్యూఆర్ (ఏంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) బాగుంది, అయినా అప్పటి నుంచి దూరపు స్టేషన్లు తునకలు తునకలుగా వినిపిస్తున్నాయి. ట్రాన్స్‌మిటరును ఆపి రిసీవరును మాత్రమే వింటే వాళ్లే స్పష్టంగా ఉన్నారు. డ్యూప్లెక్సరును (ట్రాన్స్‌మిటరు, రిసీవరు ఒకే ఏంటెనాను వాడనిచ్చే ఫిల్టర్ల పెట్టెను) మూడుసార్లు ట్యూన్ చేశాం. (హైదరాబాద్)

జవాబు: డ్యూప్లెక్సరు జోలికి ఇంక పోకండి. అది మునుపు చేసిన పనే ఇప్పుడూ చేస్తోంది. మీరు దాని నెత్తిన బరువు పెంచారు.

50 వాట్లంటే +47 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెళ్లలో చెప్పే పవర్). మీ రిసీవర్ వినగలిగే 0.25 మైక్రోవోల్ట్ సంకేతం సుమారు -119 డీబీఎం. రెండింటి మధ్య 166 డెసిబెళ్ల తేడా, ఆ రెండూ ఒకే ఏంటెనా మీద, 600 కిలోహెర్ట్జ్ ఎడంలో. ఇందులో క్యారియరు ఒక్కదాని సంగతే చూసుకుంటే సరిపోదు. ప్రతి ట్రాన్స్‌మిటరూ క్యారియరుకు ఇరువైపులా సన్నని రొద వెదజల్లుతుంది, అందులో కొంత సరిగ్గా మీ రిసీవర్ ఫ్రీక్వెన్సీ మీదే పడుతుంది, దాన్ని రిసీవర్ వైపు ఏ ఫిల్టరూ ఆపలేదు. 600 కిలోహెర్ట్జ్ దూరంలో ఆ రొద ప్రతి హెర్ట్జ్‌కూ క్యారియరు కంటే 150 డెసిబెళ్లు తక్కువ ఉందనుకుంటే, 15 కిలోహెర్ట్జ్ వెడల్పులో అది -61 డీబీఎంకు చేరుతుంది. సహజమైన రొద అదే వెడల్పులో -132. అంటే ట్రాన్స్‌మిటర్ వైపు క్యావిటీలు (డ్యూప్లెక్సరులోని డబ్బా ఫిల్టర్లు) దాన్ని 71 డెసిబెళ్లు అణచినా సహజ రొదతో సమానమవుతుందంతే. ఇంకో ఏడెనిమిది ఉంటేగానీ నిశ్చింత లేదు. మీ కొత్త సింథసైజరు పాత క్రిస్టల్ కంటే 20 డెసిబెళ్లు ఎక్కువ రొద చేసేదైతే ఆ ఇరవై ఎక్కడి నుంచి తెస్తారు? పన్నెండు రెట్లు చేసినప్పుడు క్రిస్టల్ రొద కూడా 21.6 డెసిబెళ్లు పెరుగుతుంది గానీ, అది మొదలయ్యేదే చాలా దిగువ నుంచి. సింథసైజరులోని చవక వీసీఓకు (ఓల్టేజితో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటరుకు) ఆ ఓర్పు లేదు.

ఊహ మీద బోర్డు మార్చకముందు ఒక పరీక్ష చేయండి. ఏంటెనా తీసేసి డ్యూప్లెక్సరుకు డమ్మీ లోడ్ పెట్టి, ఒక కప్లర్ (దారిలోకి కొద్దిపాటి సంకేతాన్ని కలిపే ముక్క) ద్వారా కొద్దిగా బురబురలాడే బలహీన సంకేతాన్ని పంపి, కీ నొక్కండి. బురబుర పెరగకపోతే దోషం పెట్టెలో లేదు. ఏంటెనా, కేబుల్, టవరు మీద తుప్పు పట్టిన కీళ్లు వెతకాలి. పెరిగితే, ఒక అదనపు క్యావిటీని ముందు ట్రాన్స్‌మిటర్ దారిలో, తరవాత రిసీవర్ దారిలో పెట్టి చూడండి. మొదటి చోట మెరుగైతే ట్రాన్స్‌మిటర్ రొద, రెండో చోట మెరుగైతే రిసీవర్ మీద క్యారియరు భారం. లోపల ఒంటి అల్లిక ఆర్‌జీ-58 ముక్కలు ఉంటే, ఏ పరీక్షకూ ముందు వాటిని రెండు అల్లికల కేబుల్‌తో మార్చండి.

ఇలాంటి రొదే ఒకప్పుడు నా రెండు ఆదివారాలు మింగింది. ఫైనల్ (చివరి పవర్ దశ) ట్రాన్సిస్టరు చల్లగా ఉంటుందని పవర్ కంట్రోల్‌ను బాగా కిందికి తిప్పి 8 వాట్ల దగ్గర పెట్టాను. క్లాస్ సీ ఫైనల్‌కు డ్రైవు అర్ధాకలిగా అందితే తనంతట తాను ఆసిలేట్ అవుతుందని పుస్తకంలో చదివి ఉండి కూడా, రెండు ఆదివారాలూ క్యావిటీ కడ్డీలే తిప్పుతూ కూర్చున్నాను. చివరికి ఒక మిత్రుడి ఎస్‌డీఆర్‌లో చూస్తే క్యారియరుకు రెండు పక్కలా గడ్డి మొలిచినట్టు రొద లేచి ఉంది. పవరును 25 వాట్లకు తిప్పగానే గడ్డి మొత్తం పోయింది. మీ బోర్డు పాత ఎక్సైటరు ఇచ్చినంత డ్రైవు ఇస్తోందో లేదో కూడా అందుకే చూడమంటున్నాను.

ప్రశ్న: 45 వాట్ల మొబైల్ సెట్టును రిపీటర్ ట్రాన్స్‌మిటరుగా వాడుతున్నాం. నెట్ (హామ్‌లంతా కలిసి మాట్లాడుకునే కార్యక్రమం) జరిగే సాయంత్రాల్లో చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. (విశాఖపట్నం)

జవాబు: కార్లలో వాడే సెట్టు ఉన్న కాలంలో ఐదో వంతు మాత్రమే మాట్లాడుతుందన్న లెక్కతో తయారవుతుంది. రిపీటరులో అది గంట సేపు దాదాపు ఆగకుండా మాట్లాడాలి. 13.8 వోల్ట్‌ల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుని 45 వాట్లు బయటికి పంపితే, మిగిలిన 93 వాట్లు వేడిగా సెట్టులోనే ఉండిపోతాయి. పవరును 20కి తగ్గించండి. వినేవారికి తగ్గేది మూడున్నర డెసిబెళ్లే, దాన్ని చాలామంది గమనించరు. అయితే పవర్ సగమైతే వేడి సగమవుతుందనుకోకండి. 6 ఆంపియర్లు తీసుకుంటున్నా ఇంకా 63 వాట్లు లోపలే ఉన్నట్టు. కాబట్టి హీట్‌సింక్ రెక్కల మధ్య నుంచి గాలి పోయేలా ఫ్యాను, వేడి హద్దు దాటితే కీని తెంచే థర్మల్ స్విచ్, ఎవరి పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) అయినా ఇరుక్కుపోతే మూడు నిమిషాల్లో ట్రాన్స్‌మిటరును ఆపే టైమర్, ఈ మూడూ పెట్టండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఊళ్లో కరెంటు, సెల్‌ఫోన్లు ఎన్నాళ్లకు తిరిగి వచ్చాయో మీకే బాగా తెలుసు. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారగానే పవర్ ఇంకా తగ్గేలా ఒక రిలే చేర్చుకోవాలని మీకు అనిపించవచ్చు, అది మంచి ఆలోచనే. కాకపోతే ఆ తక్కువ పవర్ దగ్గర పైన చెప్పిన గడ్డి మొలుస్తోందేమో ఎండ కాసే రోజునే ఒకసారి చూసి పెట్టుకోండి.