కంగారూ లాంటి ఆస్ట్రేలియా సంచి జంతువులు పగలు ఎందుకు ఎక్కువగా కనిపించవు?

ఒక ముఖ్య కారణం ఎండ, నీటి కరువు. ఎడారిలో ఉండే బిల్బీనే చూడండి. కుందేలు చెవుల్లాంటి చెవులున్న ఈ చిన్న జీవి పగలంతా దాదాపు 2 మీటర్ల లోతు బొరియలో పడుకుని, చీకటి పడ్డాకే పురుగులు, గింజలు, దుంపల కోసం బయటికొస్తుంది. అలా ఒంట్లో తేమ పోదు కాబట్టి తిండిలో ఉన్న నీళ్లే దానికి దాదాపు సరిపోతాయి. బొరియలు తవ్వుకునే పొట్టి కాళ్ల జీవి వాంబాట్‌దీ ఇదే పద్ధతి, కాకపోతే చలికాలంలో పగలు కూడా ఎండ కాగడానికి వస్తుంది.

కంగారూలు పూర్తి నిశాచరాలేం కావు. సాయంత్రం, తెల్లవారుజామున ఎక్కువగా మేస్తాయి. ఆ వేళల్లో పల్లె రోడ్ల మీద డ్రైవింగ్ అంటే టెన్షనే!

ఒంటి మీద చారలుండే చిన్న జీవి నంబాట్ మాత్రం వీటన్నిటికీ విరుద్ధం. దాని తిండి చెదపురుగులు. అవి పగలు నేల పైపొరల్లోకి వస్తాయి కాబట్టి అదీ పగలే తిరుగుతుంది.