పాట పాపది, పక్కవాద్యం నీది

విజయనగరం

చిన్నా,

నువ్వు పంపిన రికార్డింగ్ రాత్రి నాలుగుసార్లు విన్నాను. మీ పెదనాన్నకి ఫోను చెవి దగ్గర పెట్టి మరీ వినిపించాను. "కుక్కరమ్మా కుక్కరమ్మా, ఎన్ని ఈలలు వేస్తావమ్మా, మూడే మూడు, మూడే మూడు, చందమామ ఉడికిందమ్మా!" ఐదేళ్ళ పిల్ల సొంతంగా కట్టిన పాట. వెనక నువ్వు కీబోర్డు వాయిస్తున్నావు. చివర్లో "అయిపోయింది నాన్నా" అని అది అనడం, నువ్వు నవ్వడం కూడా పడ్డాయి. "మరీ మురిసిపోతున్నానేమో పెద్దమ్మా" అని కింద రాశావు. మురిసిపోరా. బిడ్డతో కూచుని పాట కట్టిన తండ్రి మురవకపోతే ఇంకెవరు మురుస్తారు?

అయితే ఇంకో మాట కూడా రాశావు. చందమామ ఉడకడమేంటి, అక్కడ 'పప్పు' అని మార్పించి, శ్రుతి సరిచేసి, దసరాకి అందరి ముందూ పాడిస్తానని. ఈ ఉత్తరం దాని గురించే.

మీ అన్నయ్యకి ఆరేళ్ళప్పుడు వంటింటి రేకుల మీద పడే వాన గురించి ఒక పాట కట్టాడు. మూడు స్వరాలకి మించి లేదు. మాటలు కూడా సగం అర్థమయ్యేవి కావు, కానీ రేకుల చప్పుడు మాత్రం అచ్చంగా అందులో ఉండేది. నాకు సంతోషం పట్టలేదు. ఆ సంతోషంలోనే పాటని మోహన రాగంలోకి దిద్ది, రెండు చరణాలు నేనే రాసి, ఆదితాళంలో కూర్చి, వారం రోజులు వాడికే నేర్పాను. వినాయక చవితి పందిట్లో మైకు ముందు నిలబెడితే నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక నా కొంగు పట్టుకుని "అది నా పాట కాదమ్మా" అన్నాడు. తర్వాత వాడు సంగీతం నేర్చుకున్నాడు, బాగానే పాడాడు. కానీ సొంతంగా పాట కట్టడం దాదాపు రెండేళ్ళు మానేశాడు. ఆ తప్పు నాది. నువ్వు చెయ్యకూడదని చెప్తున్నాను.

చందమామని ఉడకనివ్వు. కుక్కర్ మూత తియ్యగానే ఆవిరిలో తెల్లగా, గుండ్రంగా కనపడిందేదో దానికి చందమామలా తోచి ఉంటుంది. అడిగితే చెప్తుంది. అడుగు, కానీ మార్చకు.

కచేరీలో పక్కవాద్యం వాయించేవాళ్ళని చూశావు కదా. గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ అర అడుగు వెనక నడుస్తుంది. ఆయన ఆగిన చోట ఆగుతుంది, సంగతి వేస్తే, అంటే స్వరాలని కొత్తగా మలిస్తే, అందుకుంటుంది. తన వంతు వచ్చినప్పుడు వాయిస్తుంది, అదీ ఆయన ఎత్తుకున్న రాగంలోనే. పాప దగ్గర నీ పని అది. నువ్వు గురువువి కావు, నిర్మాతవి కావు, పక్కవాద్యానివి. మంచి పక్కవాద్యానికి కచేరీలో ఎంత మర్యాద ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

మా ఊరి మాట ఒకటి చెప్తాను. 1919లో ఇక్కడ మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరడానికి వచ్చారట. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు. ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాయించింది విని, నేర్చుకోవడమేంటి, నువ్వే నేర్పమని వయొలిన్ ఆచార్యుడిగా పెట్టుకున్నారని చెప్తారు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు నాయుడు గారి వాయిద్యం కంటే దాసు గారి చెవి గొప్పగా తోస్తుంది. అంతటివాడు ముందు విన్నాడు, తర్వాతే మాట్లాడాడు. నీకూ ఆ చెవి కావాలి.

ఇప్పుడు రికార్డింగ్ ఇంకోసారి పెట్టుకుని విను. మొదట్లో మీ కుక్కర్ ఈల వినిపిస్తుంది. అది ఆగిన చోటే పాప "కు" అని ఎత్తుకుంది. ఎవరూ ఇవ్వకుండా శ్రుతి తనే తీసుకుందిరా ఆ పిల్ల! నువ్వేమో కీబోర్డు నీ గొంతుకి సరిపడే చోట మొదలుపెట్టావు. పాపం, రెండో "మూడే మూడు" దగ్గర నీ కోసం కిందికి దిగబోయి గొంతు అందక గాలి వదిలేసింది. శ్రుతి తప్పిందని నువ్వు అనుకున్నది అక్కడే. తప్పింది అది కాదు, నువ్వు. నీకు ఒకటో, ఒకటిన్నరో శ్రుతి హాయిగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఆధార స్వరం పైకి వెళ్తుంది కదా. అంత చిన్నపిల్లకి ఐదు, ఐదున్నర, ఒక్కోసారి ఆరు కూడా కావాలి. ఇక మీదట దాన్నే ముందు ఎత్తుకోనివ్వు, అది నిలిచిన స్వరాన్ని నువ్వు మెల్లిగా వెతికి పట్టుకో. గట్టిగా పాడమని మాత్రం ఎప్పుడూ అనకు, లేత గొంతు.

కీబోర్డు మీద ఒక ఆట చెప్తాను. నల్లమెట్లు మాత్రమే వాడండి. అవి రెండు, మూడు గుంపులుగా ఉంటాయి కదా. మూడింటి గుంపులో మొదటిదాన్ని 'స' అనుకుంటే వచ్చేది మోహన. నాలుగున్నర శ్రుతి అవుతుంది, పాపకి తక్కువైతే ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఒకటి రెండు మెట్లు పెంచుకో. ఆ ఐదు మెట్ల మీద అది ఎక్కడ వేలు పెట్టినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు, కాబట్టి ధైర్యంగా వాయిస్తుంది. ఇప్పుడు అదే గుంపులో రెండోదాన్ని 'స' చేసుకో, మధ్యమావతి. మూడోదాన్ని చేసుకుంటే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది శుద్ధ సావేరి, రెండోది శుద్ధ ధన్యాసి. మెట్లు అవే, ఇల్లు మారిపోతుంది. పెద్దవాళ్ళు దీన్ని గ్రహభేదం అంటారు. పాపకి ఆ పేర్లేవీ వద్దు. నువ్వు 'స' ఒక్కటీ నొక్కి పట్టుకుని ఉండు, దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వు. రోజూ ఒక 'స' మారుస్తూ ఉంటే, "ఇవాళ ఏడుపుగా ఉంది నాన్నా", "ఇవాళ గుడిలా ఉంది" అని అదే పేర్లు పెడుతుంది. మీ అన్నయ్య హిందోళాన్ని 'చీకటి పాట' అనేవాడు. ఆ పేరు నాకు ఇప్పటికీ ఇష్టం.

తాళం గురించి టెన్షన్ పడకు. పాట మధ్యలో వేగం పెంచేస్తోందని రాశావు, పిల్లలు పరిగెత్తుతారు మరి. చెమ్మచెక్క ఆడించు, మెట్లెక్కేటప్పుడు లెక్కపెట్టించు, అంత చాలు.

ఫోన్లో పాట దాస్తున్నప్పుడు తేదీ, పాప వయసు పేరులోనే రాసుకో. మాటలు ఒక నోటుపుస్తకంలో అది చెప్పింది చెప్పినట్టు ఎక్కించు, తప్పులతో సహా. కింద బొమ్మ దాన్నే వెయ్యమను. ఎవరికైనా పంపేముందు "తాతకి పంపనా?" అని అడుగు. వద్దంటే పంపకు. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఆ పాట పాడమ్మా" అని లాగకు. అది వచ్చి పాడితే పక్కన కూచుని వాయించు, రాకపోతే కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పు. దసరా సంగతి కూడా అంతే, దాని ఇష్టం.

క్లాసులో ఎప్పుడు వెయ్యాలని కోడలు అడిగింది. ఇంకో ఏడాది రెండేళ్ళు ఆగినా నష్టమేమీ లేదు. చేరాక మాయామాళవగౌళ రాగంలో సరళీవరసలు, జంటవరసలు అనే మొదటి పాఠాలు వస్తాయి, అవి గురువుగారు చెప్పినట్టే శ్రద్ధగా చెయ్యాలి, అందులో నువ్వు వేలు పెట్టకు. ఆ చదువు వేరు, వంటింట్లో కుక్కర్ పాట వేరు. రెండోదానికి సాయంత్రం పదిహేను నిమిషాలు ఎప్పుడూ ఉంచు. వయొలిన్ కొంటానన్నావు, పెద్ద సైజు కొని ఎదుగుతుందిలే అనుకోకు. పిల్లలకి పావు సైజు, అర సైజు ఉంటాయి. చెయ్యి కొలిపించి తీసుకో.

సెలవులకి దాన్ని నా దగ్గరికి తీసుకురా. నా వీణ నీకు గుర్తుందిగా, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానులో తొలిచి చేసినది. చిన్నప్పుడు నువ్వు దాని కుండకి చెవి ఆనించి పడుకునేవాడివి, నేను ఒక్క తీగ మీటితే "కడుపులో మోగుతోంది పెద్దమ్మా" అనేవాడివి. పాపని కూడా అలాగే పడుకోబెట్టి ఒక్క తీగ మీటుతాను. ఏమంటుందో నువ్వే రాసిపెట్టు. అన్నట్టు, ఆ చందమామ ఉడికాక ఎవరు తిన్నారో అడిగి రాయి. పెదనాన్న పొద్దున్నుంచి అదే అడుగుతున్నారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ